కోర్టులో వడ్లు

"ఎవల్ని అడిగి పోసినవ్ నాయినా?"

భాగ్య గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది. నా ఆడబిడ్డ అరిస్తే పావుగంటలో చల్లబడుతుంది. ఇలా మెల్లగా అడిగిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు.

మా మామ వీరేశం తల ఎత్తలేదు. చెప్పులు గేటు బయట విడిచి, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, వట్టి కాళ్లతో వడ్లలో నడుస్తున్నాడు. పాదం ఎత్తకుండా ఈడుస్తూ నడుస్తాడాయన. ఆయన వెనక వడ్లు దుక్కి దున్నినట్టు చాలు పడుతున్నాయి.

కోర్టు కనిపించడం లేదు. పొద్దున్నే ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడిన చోట, ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిసిన వడ్లే. రెండు కొసలా ఇనుప స్తంభాలు, వాటి మీద రింగులు మాత్రం, చెరువు నిండాక మిగిలిన తుమ్మచెట్లలా నిలబడి ఉన్నాయి.

"నిన్నే నాయినా."

"అడిగేదేందే? కాలిగ ఉన్నది, పోసిన." మామ నడక ఆపలేదు. "పొద్దుగాల్నుంచి మిల్లు కాడ లైన్ల ఉన్నం. మా వంతు వచ్చేటాల్లకు వాన గొట్టింది. పట్టా కప్పినా తడిసినయి. మిల్లోడు పిడికెడు తీసి సూసి, పచ్చిగున్నయి, ఎండబోసుకోని తీస్కరా పో అన్నడు. మల్ల మన ఊరు త్రిపురారం దాక ఏం తీస్కపోను? నా బిడ్డకు గీడ గింత కళ్ళం ఉండంగ?"

"కళ్ళం కాదు. కోర్టు."

"పేరేదైతేంది. సిమెంటు సిమెంటే."

ఆయనతో పాటే ట్రాక్టరు దిగిన మా అత్త సైదమ్మ మెట్టు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. "అసలు గీ సిమెంటు పుట్టిందే వడ్ల కోసం. నీ బంతులు నిన్న మొన్న వచ్చినయి," అంది.

అత్త మాటలో అబద్ధం లేదు. మిర్యాలగూడ శివారులో ఈ రైస్ మిల్లు మూతపడి ఆరేళ్లయింది. వడ్లు ఆరబోసుకునే సిమెంటు జాగా ముళ్లకంప పెరిగి పాడుబడి ఉంటే భాగ్య కిరాయికి తీసుకుంది. కంప కొట్టించింది, స్తంభాలు పాతించింది, తెల్లరంగు డబ్బా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని గీతలన్నీ తనే గీసింది. ఈ ఎండాకాలం శిక్షణ రెండు నెలలూ మిల్లు పాత ఆఫీసు గదుల్లోనే మా కాపురం. భాగ్య, నేను, నా ఐదేళ్ల బిడ్డ నవ్య. నా భర్త నాగేష్‌కు సూర్యాపేటలో కరెంటు సామాను దుకాణం ఉంది, వదిలి రాలేడు. ఇక్కడ వంట నాది, పిల్లలకు మంచినీళ్లు నావి, పడి మోకాలు చెక్కుకుపోయిన పిల్లకు పసుపు అద్దడం నాది.

భాగ్య పని మాత్రం నాకు ఇప్పటికీ వింతే. నాలుగేళ్ల కింద సూర్యాపేటలో నలుగురు పిల్లలతో మొదలుపెట్టింది. ట్రాక్టరు ట్రాలీలు చేసే దుకాణంలో రింగు వెల్డింగ్ చేయించుకుంది. బంతులు యూరియా సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కేది. సంచికి టికెట్ కొట్టాలని గొడవపడిన కండక్టరు హరిలాల్ తన బిడ్డ రుక్మిణిని తెచ్చి ఆ సంచి పక్కనే నిలబెట్టాడు. ఇప్పుడు సోమ మంగళ బుధ సూర్యాపేట, గురు శుక్ర కోదాడ, శని ఆదివారాలు మిర్యాలగూడ. మూడు ఊళ్లలో కలిపి నూట అరవై మంది. వాళ్లలో ఏ పిల్ల ఏ కాలి మీద లేస్తుందో, ఏ పిల్ల అమ్మ చూస్తుంటే తప్పు చేస్తుందో ఆమెకు తెలుసు. ప్రతి వారం ఒక్కో తల్లికి ఫోనులో గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఆ మాటలు విని ఏడ్చిన తల్లులున్నారు.

కానీ జూన్ వస్తే అంతా ఖాళీ. బడులు తెరుస్తారు, ట్యూషన్లు మొదలవుతాయి, బంతి మూలకు పడుతుంది. ప్రతి ఏడాదీ మళ్లీ నలుగురితో మొదలు.

ఈసారి అలా కాకూడదని ఆండాళు మేడం కోసం మూడు నెలలు తిరిగింది. ఆమెవి మూడు ఊళ్లలో మూడు స్కూళ్లు. శిక్షణ కళ్లారా చూసి నచ్చితే మూడింటిలోనూ ఆటల పీరియడు ఏడాది పొడుగునా భాగ్యదే. ఆదివారం పొద్దున ఆరున్నరకు వస్తానని మేడం మాటిచ్చారు. సోమవారం సాయంత్రం ఆమె ఊరెళ్తున్నారు. ఆ లోపల తేలకపోతే వేరే ఎవరినైనా చూసుకుంటానని కూడా అన్నారు.

ఆ ఆదివారం రేపే.

"నీకు చెప్పిన. అమ్మకు చెప్పిన. ఫోన్ల రెండుసార్లు చెప్పిన," అంది భాగ్య. "రేపు ఆండాళు మేడం వస్తది అని."

"వస్తె రానియ్యి. కుర్చీ ఏస్తం. చాయ్ పోస్తం."

"ఆమె చాయ్‌కు వస్తలేదు నాయినా!"

"మరి సగం జాగల ఆడుకోరాదు?" అంది అత్త.

మామే తల అడ్డంగా ఊపాడు. "సగంల పోస్తె బెత్తెడు మందమైతయి. కింద ఎండవు, మగ్గుతయి."

"అయితె నీ వడ్లు నువ్వు ఎత్తుకో."

"నావైతె ఎత్తుకుంటనే. గటు దిక్కువి మోతీబాయివి. పెనిమిటి పోయినంక గామెకు ఇదే మొదటి పంట. నా మాట మీద నా ట్రాక్టర్ల ఏసింది. బర్ల కాడ ఎవలూ లేరని తండాకు పోయింది. వచ్చి అడిగితె ఏం జెప్పాలె? నా బిడ్డ బంతులాటకు అడ్డమొచ్చినయని ఎత్తిపోసిన అని జెప్పాల్నా?"

భాగ్య మోతీబాయి వడ్ల దిక్కు చూసింది.

మామ కాలితో వడ్లు పక్కకు తోసి, కింద తెల్లగీత చూపించాడు. ఆయన మొహంలో నిజంగానే గర్వం. "గిది సూడు. నీ నడిమి గీత. గటు ఆమెవి, గిటు మనవి. ఒక్క గింజ గీత దాటలే. గింత మంచి హద్దు ఏ కళ్ళంల ఉంటది?"

నాకు నవ్వు వచ్చింది. భాగ్య మొహం చూసి మింగేశాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నా భర్తకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"నన్నెందుకు అడుగుతవే? నాయిన దిక్కు మాట్లాడితె చెల్లె అలుగుతది. చెల్లె దిక్కు మాట్లాడితె నాయిన తినడు. ఫోన్ల చార్జింగ్ లేదనుకో, పెట్టేస్తున్న," అన్నాడు. పెట్టేశాడు కూడా.

సాయంత్రం వడ్లు రెండు కుప్పలుగా నూకి టార్పాలిన్ పట్టాలు కప్పారు. పొద్దుండగానే నేను అన్నాలు వడ్డించాను. నలుగురం గోడలకు ఆనుకుని నాలుగు దిక్కులా కూర్చున్నాం. నవ్య మాత్రం మధ్యలో.

"అత్తా, రేపు బంతి లేదా?" అని అడిగింది భాగ్యను.

"బంతి ఎగిరితె కడుపు నిండుతదా బిడ్డ," అంది మా అత్త, మనవరాలి మీద పెట్టి.

భాగ్య ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "నీ బిడ్డ కడుపు నాలుగేండ్ల సంది ఏంతోని నిండుతున్నదమ్మా? పోయిన్నెల నాయిన కండ్లాపరేషన్ ఏంతోని అయింది?"

"అగో. చేసింది లెక్క జెప్తున్నది సూడు."

"లెక్క కాదే. కండ్లు తెప్పిచ్చినంక గూడ నా కోర్టు ఆయనకు కనవడకపాయె. గది నా బాధ."

మామ చెయ్యి పళ్లెంలోనే ఆగింది. తరవాత పళ్లెం ఎత్తుకుని లేచి, బయట ట్రాక్టరు దగ్గరికి వెళ్లి నిలబడి తిన్నాడు. తిన్నాడో, పారబోశాడో నేను చూడలేదు. నేను నవ్య నుదురు పట్టుకుని చూస్తున్నాను. వెచ్చగా అనిపించింది. ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా నాకు దాని నుదురు వెచ్చగానే అనిపిస్తుంది.

తెల్లవారి ఐదింటికి లేచి చూస్తే ఆకాశం మబ్బుగా ఉంది. మామ అప్పటికే కుప్ప దగ్గర ఉన్నాడు. భాగ్య మెడలో విజిల్ వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని బయటికి వచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాయినా, ఎనిమిదింటి దాక ఇప్పకు. గంతే అడుగుతున్న. కుప్పలు కుప్పల్లెక్కనే ఉండనియ్యి. మిగిలిన జాగల ఆడిపిచ్చుకుంట."

మామ పట్టా అంచు కాస్త లేపాడు. "చెయ్యి పెట్టి సూడు."

"ఎందుకు?"

"పెట్టు."

ఆమె మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి దూర్చింది. ఒక్క క్షణమే. చటుక్కున తీసేసుకుంది. నేనూ పెట్టి చూశాను. అన్నం గిన్నె మూత తీసినట్టు లోపల వేడి.

"ఉడుకుతున్నయి," అన్నాడు మామ. ఒక గింజ తీసి పళ్ల మధ్య పెట్టి కొరికాడు. చప్పుడు రాలేదు. మెత్తగా నలిగింది. "ఎనిమిది అంటున్నవ్. ఎనిమిదికి వీటికి తెల్లమూతి వస్తది. మొలకలు. అప్పుడు మిల్లోడు గాదు, కోళ్లు గూడ ముట్టవు."

బతిమాలలేదు, కోప్పడలేదు. ఉన్నది చెప్పాడు.

భాగ్య గేటు వైపు చూసింది. ఇంకో గంటన్నరకు అక్కడ ఆండాళు మేడం కారు ఆగుతుంది. మళ్లీ కుప్ప వైపు చూసింది. ఆ అమ్మాయి మొహం మీద అప్పుడు ఏం జరిగిందో చెప్పడం నా వల్ల కాదు. మూడు నెలల తిరుగుడు, నాలుగేళ్ల బస్సులు, అన్నీ ఒకసారి కళ్లలోకి వచ్చి వెళ్లిపోయాయి.

"తియ్యి," అంది. "పట్టా తియ్యి. ఎంత మందం పరవాలె?"

"రెండు వేళ్ల మందం."

పలక ఆమే అందుకుంది. వడ్లు నూకే చెక్కపలక, పొడుగాటి కర్ర. చిన్నప్పుడు పట్టిన చెయ్యే కదా, మరిచిపోలేదు. నేను, అత్త చీపుర్లు పట్టాం. ముప్పావుగంటలో నడిమి గీతకు అటూ ఇటూ కోర్టంతా మళ్లీ పచ్చబంగారంలా పరుచుకుంది.

మామ చాలు తీయడానికి దిగాడు. పాదాలు ఈడుస్తూ, కొంచెం వంగి. భాగ్య చెమట తుడుచుకుంటూ ఆయన కాళ్ల వైపే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నిటారుగా అయింది.

"నాయినా, ఆగు. మల్ల నడువు."

"ఏంది?"

"నడువుమంటున్న. ముంగటికి గాదు, అడ్డంగ. పక్కకు."

మామ అనుమానంగా చూశాడు గానీ నడిచాడు. ఒక కాలు పక్కకు జరిపి, రెండోది దాని దగ్గరికి లాగాడు. పక్కపక్కనే రెండు చాళ్లు విడిపోయాయి.

"గిట్ల తీస్తె మంచిదేనా వడ్లకు?"

"ఎందుకు గాదు? చాలు ఎడల్పైతది, గాలి బాగ తలుగుతది. కని గిట్ల ఎవలు నడుస్తరే? నడుము ఇరుగుతది."

"నా పిల్లలు నడుస్తరు," అంది భాగ్య.

ఆరింటికి పిల్లలు రాసాగారు. ఇరవై ఎనిమిది మంది. గేటు దగ్గరే గుంపుగా ఆగిపోయారు.

"అక్కా, ఇవేంది? మనమేడ ఆడాలె?" అంది రుక్మిణి. ఏదైనా అడగాల్సి వస్తే ముందు ఆ పిల్లే అడుగుతుంది.

"ఈడనే. బూట్లిప్పుర్రి. సాక్సులు గూడ."

"అయ్యో అక్కా, దురద పెడ్తయి!"

"పెడ్తయి. అయినంక కాళ్లు కడుక్కుందం. నీ ఒక్కదానికి రెండు బకెట్లు ఇస్త, సరేనా?"

నవ్వులు. వరసగా బూట్లు గోడ పక్కకు చేరాయి. వడ్లలోకి దిగే ముందు ముందున్న పిల్ల వంగి, ఒక గింజ ముట్టుకుని కళ్లకద్దుకుంది. ఎవరూ చెప్పలేదు. వెనకున్న పిల్లా అలాగే చేసింది. ఆ వెనక పిల్లా. ఇరవై ఎనిమిది మందీ. మామ పలక పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

అంతలోనే కారు చప్పుడైంది. చెప్పిన దానికంటే పది నిమిషాలు ముందే వచ్చారు ఆండాళు మేడం. నూలు చీర, చేతిలో చిన్న నోటుపుస్తకం. గేటు దగ్గర నిలబడి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏమ్మా భాగ్యా, నేను కోర్టుకొచ్చానా, ధాన్యం కొనడానికొచ్చానా?"

"కోర్టుకే మేడం. చెప్పులు జర ఆడ విడిచి రార్రి."

అంత పెద్దావిడను చెప్పులు విప్పమంటుందా! ఆమె ఏమీ అనకుండా విప్పారు.

విజిల్ మోగింది.

"కూసోర్రి! ఇంక కిందికి. కుర్చీల కూసున్నట్టు. చేతులు బయటికి. కాలు లేపద్దు. లేపి పెడితె గింజను తొక్కినట్టు. జరపాలె. అవతలి పిల్ల ఎటు పోతె అటు. మొఖం సూడకుర్రి, మొఖం అబద్ధం ఆడ్తది. నడుము సూడుర్రి. నడుము ఎన్నడు అబద్ధం ఆడదు. వన్!"

నడిమి గీతకు అటు పద్నాలుగు మంది, ఇటు పద్నాలుగు మంది, ఎదురెదురుగా. అటు పిల్ల ఏ పక్కకు జరిగితే ఇటు పిల్ల ఆ పక్క దారి మూసేస్తుంది. అడుగు చప్పుడే లేదు. సర్ర్‌మని ఒకటే మోత, పెద్ద చేటతో చెరిగినట్టు. వాళ్ల కాళ్ల కింద వడ్లు విచ్చుకుంటున్నాయి. అడుగున దాచుకున్న తడి ఆవిరై లేచింది. ఆ పొద్దుటి చల్లగాలిలో ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లలు మోకాళ్ల దాకా పొగమంచులో కదులుతున్నట్టు ఉన్నారు. ఒక్కరి తలైనా పైకీ కిందికీ ఊగడం లేదు. తలలన్నీ ఒకే ఎత్తులో, తాడు లాగి కట్టినట్టు.

రెండు నెలలుగా వారం వారం చూస్తున్నదే. బంతుల చప్పుడు మధ్యన నాకు ఇది ఎన్నడూ ఇలా కనిపించలేదు. ఒక మనిషి గొంతు ఇంతమంది కాళ్లలోకి ఎలా దిగుతుంది?

"నలభై ఏండ్ల సంది నడుస్తున్న గీ కాళ్లతోని," అన్నాడు మామ పక్కన, తనలో తనే. "గిట్ల గూడ అయితదని ఎరుకలే."

సరిగ్గా అప్పుడే గాలి లేచింది. మోతీబాయి వడ్ల మీంచి తీసి మడిచి పెట్టిన పట్టా తెరచాపలా ఉబ్బి, ప్రహరీ గోడ దాటి రోడ్డు మీద పడింది. పడమర మబ్బు నల్లగా దిగుతోంది. వాన పడితే కప్పడానికి ఆ పట్టా లేకపోతే ఇంతే సంగతులు. మామ పరుగెత్తాడు. ఆయన కంటే ముందు భాగ్య గోడెక్కి దూకింది. "ఆపకుర్రి!" అన్న కేక మాత్రం గోడ అవతలి నుంచి వినిపించింది.

ఆపకుండా ఎలా ఉంటారు, పిల్లలు కదా. నాలుగు అడుగులు జరిగారు. వరస వంకరైంది. ఒక పిల్ల నిలబడి కాలు గోక్కుంది. ఇంకో పిల్ల నవ్వింది. ఆండాళు మేడం పుస్తకం మూయడం నేను చూశాను.

చంకలోని నవ్యను మా అత్త ఒళ్లో ఎప్పుడు దింపానో, చెప్పులు ఎప్పుడు విడిచానో గుర్తు లేదు. వడ్లలో నిలబడి ఉన్నాను. చప్పట్లు కొట్టాను.

"వన్!"

నా గొంతు కీచుమంది. పిల్లలు బిత్తరపోయి చూశారు. నేను ఆగితే ఇక మళ్లీ ఆ గొంతు రాదని తెలుసు.

"కిందికి! అందరు కిందికి! రుక్మిణీ, నీ మడిమ లేస్తున్నది, దించు. ఏయ్, మూలకున్న పిల్లా, మొఖం సూస్తున్నవ్, నడుము సూడు. టూ!"

వాళ్లు కూర్చున్నారు. వంగారు. జరిగారు. నేను 'త్రీ' అంటే ఎడమకు, మళ్లీ 'వన్' అంటే కుడికి. నా నోట్లోంచి ఏ మాట వస్తే ఆ మాట వాళ్ల కాళ్లలో కదిలింది. నాకు భయం, దాని వెనకే ఇంకేదో. నవ్య పుట్టినప్పుడు మొదటిసారి ఏడుపు విన్నాను చూడండి, అలాంటిది.

భాగ్య, మామ పట్టా ఈడ్చుకుంటూ గేటులోంచి వచ్చేసరికి మబ్బు అటు నుంచి అటే నిడమనూరు దిక్కు జారిపోయింది. చినుకు పడలేదు. భాగ్య గేటు దగ్గరే ఆగింది. విజిల్ ఊదలేదు. నేను చూసుకుని ఆపేదాకా అక్కడే నిలబడింది.

పిల్లలు నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తారు, కాళ్లు గోక్కుంటూ, అరుచుకుంటూ. ఆండాళు మేడం వడ్ల మధ్యలోకి నడిచి వచ్చారు.

"బంతులేవమ్మా? నేను ఒక్క బంతి కూడా చూళ్లేదు."

"కాళ్లు వచ్చిన పిల్లకు బంతి వారంల వస్తది మేడం. బంతి ముందుగాల పట్టిన పిల్ల జన్మల కాళ్లు సూడది."

"ముందే ఇలా చూపించాలని అనుకున్నావా?"

"లేదు మేడం. నిన్నంత మా నాయినతోని కొట్లాడిన. తిట్లొక్కటే తక్కువ."

మామ దగ్గాడు. మేడం పెదవి కొంచెం కదిలింది. నవ్వలేదు.

"పని నాకు నచ్చింది. ఇబ్బంది వేరే ఉంది. నా మూడు స్కూళ్లలోనూ ఆటల పీరియడు ఒక్కటే టైముకి. సాయంత్రం నాలుగింటికి. నాలుగింటికి నువ్వు సూర్యాపేటలో ఉంటే కోదాడలో ఎవరు? ఇక్కడెవరు?"

భాగ్య చెయ్యి మెడలోని విజిల్ మీదికి పోయింది. ఇంత తెలివిగల అమ్మాయి ఈ ఒక్కటీ ఆలోచించలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆలోచించి ఉండదు. ఇన్నేళ్లూ ఆమే బస్సెక్కింది, ఆమే సంచి మోసింది, ఆమే విజిల్ ఊదింది.

"నాకు కావలసింది నువ్వు కాదమ్మా," అన్నారు మేడం, కటువుగా కాదు. "నువ్వు లేనప్పుడు కూడా నడిచేది కావాలి. ఇందాక నువ్వు గోడ దూకినప్పుడు నడిచింది. నడిపిందెవరు?"

భాగ్య నా వైపు చూసింది. వద్దని కళ్లతోనే బతిమాలాను. ఆమె చూడనట్టే చూసింది.

"మా వదిన. స్వరూప. కోదాడ ఆమె సూసుకుంటది మేడం. ఈడికి గూడ ఒకల్ని తయారు చేస్త."

"అయ్యో, గదేం మాటే!" మా అత్త నవ్యను ఎత్తుకుని లేచింది. "ఇంటెడు పని ఎవలు జేస్తరు? గీ పిల్లనెవలు..."

మామ చెయ్యి ఎత్తాడు. అత్త మాట అక్కడే ఆగింది. ముప్పై ఏళ్లలో ఆమె మాట మధ్యలో ఆగడం అదే మొదటిసారేమో.

మేడం పుస్తకం తెరిచి పెన్ను తీశారు. "స్వరూప గారూ, మీరేం చదువుకున్నారు?"

భాగ్య నోరు తెరవబోయింది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. ఇంటర్ అంటుంది. నా కోసం, తన కోసం, మూడు స్కూళ్ల కోసం.

"తొమ్మిది," అన్నాను నేను. "తొమ్మిది గూడ పూర్తి కాలే మేడం. నడుమనే మానిపిచ్చిర్రు."

భాగ్య కళ్లు మూసుకుంది.

పెన్ను కాగితం మీద ఆగి, కదిలింది. మేడం ఏదో రాసి, దాని కింద గీత గీశారు. పుస్తకం మూసి గేటు దాకా నడిచి, చెప్పులు వేసుకుంటూ అప్పుడు అన్నారు.

"రేపు పొద్దున ఆరింటికి కోదాడ రండి. మా స్కూలు గ్రౌండుకు నలభై మంది పిల్లల్ని పిలుస్తాను. మీ పేరు తెలీని పిల్లలు, మీ మాట విననివాళ్లు. సాయంత్రం నేను ఊరెళ్లే లోపల ఏ సంగతో చెప్తాను."

"వస్తం మేడం," అంది భాగ్య ఆత్రంగా.

"నువ్వు కాదు. ఆవిడ ఒక్కరే."

కారు వెళ్లిపోయింది. నవ్య అత్త చంకలోంచి జారి వచ్చి నా కాళ్లను చుట్టేసుకుంది. నేను ఎన్నడూ ఒంటరిగా బస్సెక్కి వేరే ఊరు పోలేదు. మిర్యాలగూడ నుంచి కోదాడకు మొదటి బస్సు ఎన్నింటికో కూడా నాకు తెలియదు.